తెరుచుకునే తాళమే చవక

వానకాలంలో దిగబడ్డ జీపును గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. బురదలో ఉన్న చక్రం గిర్రున తిరుగుతూ బురద ఎగజిమ్ముతుంది. గట్టి మొరం మీద ఉన్న రెండో చక్రం కదలనే కదలదు. ఇంజన్‌లో బలం లేక కాదు, పట్టు దొరికే నేల లేకా కాదు. పట్టున్న చక్రానికి బలం చేరకపోవడమే అసలు చిక్కు. ఆ చిక్కు విప్పడానికి వచ్చిన పరికరమే డిఫరెన్షియల్ లాకర్. జనగామ చెల్కల్లో, మహబూబాబాద్ ఏజెన్సీ వాగుల్లో, భూపాలపల్లి రేగడి బాటల్లో తిరిగే బండ్లకు ఇది నిజంగా పనికొచ్చే సరుకే. అయితే కొనబోయేవారు సాధారణంగా ముందు అడిగేది ‘తక్కువలో ఏది వస్తుంది’ అని. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: పని అయ్యాక ఇది ఎట్లా విడిపోతుంది? ఈ మూడు జిల్లాల నేలలనూ రోడ్లనూ బండ్ల వాడకాన్నీ కలిపి చూస్తే, వేళకు విడిపోని లాకర్ ఎంత తక్కువ ధరకు దొరికినా చివరికి ఖరీదైనదేనని తేలుతుంది.

ముందు డిఫరెన్షియల్ ఎందుకుందో తెలియాలి. ఎడ్ల బండికి ఇది అక్కర్లేదు. లాగేవి ఎడ్లు కాబట్టి ఇరుసు రెండు కొసలా చక్రాలు వేటికవే తిరిగినా సరిపోతుంది. మోటారు బండిలో చక్రమే నేలను వెనక్కి నెట్టి బండిని ముందుకు తోయాలి. మలుపు వచ్చినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండు చక్రాల మధ్య ఒకటిన్నర మీటర్ల ఎడం ఉన్న బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే, ఆ చుట్టు పెద్దదైనా చిన్నదైనా, బయటి చక్రం దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. వీధి మూల దగ్గర తిరిగే పావు చుట్టులోనే తేడా 2.3 మీటర్లు దాటుతుంది. ఈ తేడాను సర్దడానికే వెనక హౌసింగ్‌లో క్రౌన్ వీల్‌కు బిగించిన గూడులో చిన్న స్టార్ పినియన్లు, వాటికి రెండు పక్కలా యాక్సిల్ షాఫ్టులను తిప్పే పళ్ల చక్రాలు ఉంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెక్వోర్ అనే గడియారాల నిపుణుడు 1820ల చివర్లోనే ఆవిరి బండి కోసం ఇటువంటి అమరికను రూపొందించాడు. ఇందులో సుగుణం వేగాల తేడాను సర్దడమైతే, లోపం బలాన్ని రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే పంచడం. ఒక చక్రం జారిపోయి ఏమీ మోయలేకపోతే, రెండో చక్రానికీ అంతే దక్కుతుంది.

చిన్న లెక్క వేసుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. రెండు టన్నుల జీపు, ఒక్కో చక్రం మీద 500 కిలోల బరువు ఉందనుకుందాం. జారుడు బురద ఆ బరువులో పదో వంతు, అంటే 50 కిలోల తోపునే భరిస్తుందనీ, పొడి మొరం 300 కిలోల దాకా భరిస్తుందనీ అనుకుందాం. పది అడుగులకు అడుగు లేచే ఎత్తు ఎక్కాలంటే బండికి 200 కిలోల తోపు కావాలి. మెత్తని నేల వెనక్కి పట్టుకునేదానికి ఇంకో 60 కలుపుకుంటే 260. ఎడమ చక్రాలు బురదలో, కుడి చక్రాలు మొరం మీద ఉన్నాయి. మామూలు డిఫరెన్షియల్‌తో వెనక ఇరుసు ఇచ్చేది 50కి 50 కలిపి 100 మాత్రమే. మొరం మీద 300 భరించగల చక్రం కూడా 50తోనే ఆగిపోతుంది. అదే ఇరుసును లాక్ చేస్తే రెండు చక్రాలూ కలిసే తిరగాలి కాబట్టి ఎవరి శక్తికి తగ్గ బరువు వాళ్లు మోస్తారు. 50కి 300 కలిపి 350. బండి ఎక్కేస్తుంది.

‘ఫోర్ బై ఫోర్ ఉండగా లాకర్ దేనికి’ అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. పై లెక్కలోనే దీనికి జవాబుంది. ఫోర్ బై ఫోర్ వేస్తే ముందు ఇరుసు కూడా కలుస్తుంది. కానీ ముందూ వెనకా రెండింటిలోనూ డిఫరెన్షియల్ మామూలుదే అయితే 100కి 100 కలిపి 200 వస్తుంది, 260 రాదు. నాలుగు చక్రాల బండి కూడా రెండు చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. అదే చోట వెనక లాకర్ ఉన్న టూ వీల్ డ్రైవ్ బండి 350తో గట్టెక్కుతుంది. అలాగని లాకర్ ఫోర్ బై ఫోర్‌కు బదులు కాదు. వెనక రెండు చక్రాలూ బురదలోనే ఉండి ముందు రెండూ గట్టి నేల మీదుంటే, లాకర్ ఉన్న టూ వీల్ డ్రైవ్‌కు దక్కేది 100 మాత్రమే. ముందు ఇరుసు కలిసిన బండికి 600 అక్కడే దొరుకుతుంది. ఒక పక్క జారే జబ్బుకు మందు లాకర్, ఒక ఇరుసు మొత్తం జారే జబ్బుకు మందు ఫోర్ బై ఫోర్. తన బండి ఎక్కువగా ఏ జబ్బుతో బాధపడుతోందో తెలుసుకోకుండా డబ్బు పెట్టడం వృథా.

లాకర్ సంగతి ఈ జిల్లాల్లో కొత్తగా నేర్వాల్సిందేం కాదు. ట్రాక్టర్ నడిపే రైతు దాన్ని రోజూ వాడుతూనే ఉన్నాడు. కరిగెట చేసేటప్పుడు ఒక పక్క చక్రం జారడం మొదలైతే మడమ కింద ఉన్న డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాడు. లోపల ఒక జారే కప్లింగ్ పళ్లు పట్టుకుని రెండు వెనక చక్రాలూ ఒక్కటవుతాయి. గట్టు దగ్గర మళ్లించే ముందు కాలు తీస్తాడు. ఒత్తిడి తగ్గగానే స్ప్రింగు దాన్ని విడదీస్తుంది. చక్రం జోరుగా తిరుగుతుండగా తొక్కకూడదు, మలుపులో తొక్కకూడదు, తారు రోడ్డు మీద తొక్కకూడదు. డ్రైవర్లందరికీ నోటికొచ్చిన నియమాలివి. ట్రాక్టర్ తయారీలో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. అంత బిగువు లెక్కలోనూ కంపెనీలు లాక్‌తో పాటు దాన్ని విడదీసే ఏర్పాటుకు ఖర్చు పెడుతున్నాయి. గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో మెత్తటి పొలంలో తిరిగే యంత్రానికే విడిపోయే లాక్ తప్పనిసరైతే, తారు రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో పోయే జీపు సంగతి వేరే చెప్పాలా?

జీపు బతుకులో ఎక్కువ భాగం తారు మీదే గడుస్తుంది. జనగామ నుంచి హైదరాబాద్‌కైనా వరంగల్‌కైనా 163వ నంబరు జాతీయ రహదారి ఉంది. మహబూబాబాద్ మీదుగా 365, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం వైపు 353సి పోతున్నాయి. బండి ఆ రోడ్ల మీద నడిచి నడిచి చివరి రెండు మూడు కిలోమీటర్లలో మట్టిలోకి దిగుతుంది. ఆ మట్టి కూడా ఒకే తీరుగా ఉండదు. జనగామ వైపు ఎర్ర చెల్క, దుబ్బ నేలలు ఎక్కువ. వాన వెలిసిన కొద్దిసేపటికే ఇంకిపోయి గట్టిపడతాయి. అక్కడ లాకర్ అవసరం పడేది ఏడాదిలో కొన్ని రోజులే. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు గుట్టలు, ఒర్రెలు, రాళ్లు తేలిన బాటలు ఉన్నాయి. ఒక చక్రం గాలిలోకి లేచేది అక్కడే, లాకర్ పూర్తిగా అక్కరకొచ్చేదీ అక్కడే. భూపాలపల్లి వైపు పత్తి పండే రేగడి తడిస్తే జిగురై టైరు గాడులను పూడ్చేస్తుంది. నాలుగు టైర్లూ నున్నటి ముద్దలయ్యాక లాకర్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు. పంచడానికి పట్టే లేనప్పుడు పంపకం ఎంత బాగుండి ఏం లాభం?

ఇప్పుడు దొరికే రకాలను వేళకు విడిపోతాయా లేదా అనే కొలమానంతో తూచవచ్చు. అన్నిటికన్నా చవకది వెల్డింగ్. హౌసింగ్ విప్పి స్టార్ పినియన్లను కదలకుండా అతికించేస్తారు. విడిభాగాల ఖర్చు దాదాపు సున్నా, పట్టు నూటికి నూరు. కానీ ఇది ఇక ఎన్నటికీ విడిపోదు. ప్రతి మూల మలుపులోనూ ఆ 2.3 మీటర్ల తేడాను ఏదో ఒక టైరు నేల మీద రాసుకుంటూ భరించాలి. టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ మొరాయిస్తుంది, తడి తారు మీద వెనక భాగం పక్కకు జారిపోవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం యాక్సిల్ షాఫ్టుకు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్కో షాఫ్టుకు సగం కన్నా ఎక్కువ బలం రాదు. లాక్ అయిన ఇరుసులో ఒక చక్రం గాలిలో ఉంటే మొత్తం బలం రెండో షాఫ్టు మీదే పడుతుంది. లో రేంజ్ గేర్ ఆ బలాన్ని రెండున్నర రెట్లు చేస్తుంది. ట్రైలర్ మీద ఎక్కించుకుని పోయి పోటీల్లో మాత్రమే నడిపే బండికి వెల్డింగ్ చెల్లుతుందేమో. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తొర్రూరు పోయి వచ్చే బండికి అది ప్రమాదం.

తర్వాతిది ఆటోమేటిక్ లాకర్. స్టార్ పినియన్లు తీసి ఆ గూడులోనే పళ్ల కప్లింగులు అమర్చే చిన్న రకాన్ని విదేశాల్లో లంచ్‌బాక్స్ లాకర్ అంటారు. లాక్‌రైట్, ఆసీ లాకర్ ఈ కోవలోవి. గూడుతో సహా మార్చే పెద్ద రకంలో పేరుమోసింది డెట్రాయిట్ లాకర్. చిన్న రకానికి క్రౌన్ వీల్, దాన్ని తిప్పే పినియన్ మధ్య సెట్టింగును సాధారణంగా కదిలించనక్కర్లేదు కాబట్టి కూలి ఖర్చు కలిసొస్తుంది. గాలితో పనిచేసే లాకర్ ధరలో దాదాపు మూడో వంతుకే వస్తుంది. వైర్లు, పైపులు, స్విచ్చులు లేవు కాబట్టి చెడిపోయేవీ తక్కువ. దీన్ని సమర్థించేవారి వాదన అబద్ధం కాదు: మలుపులో బయటి చక్రం ముందుకు పోబోతే పళ్లు వాటంతట అవే జారి దాన్ని వదిలేస్తాయి. కానీ ఆ వదలడం డ్రైవర్ చేతిలో లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టుకుంటుంది, వదిలినప్పుడు విడుస్తుంది. టక్కుటక్కుమని చప్పుడు, ఒక కుదుపు, బండి కొంచెం పక్కకు లాగడం ఉంటాయి. అలవాటైన ఒక్కడే నడిపే బండికి ఇది సర్దుకోదగ్గదే. మన దగ్గర ఒకే జీపును తండ్రి, కొడుకు, డ్రైవర్, అడిగి తీసుకుపోయిన బంధువు, ఇట్లా నలుగురు నడుపుతారు. వానలో తడిసిన రోడ్డు మలుపులో బండి స్వభావం మారుతుందని వాళ్లందరికీ తెలియాలంటే కుదరదు. రెండోది, చిన్న రకం పాత గూడు బలం మీదే ఆధారపడుతుంది. అరిగిన పాత జీపు గూడులో పెడితే కొత్త సరుకు కూడా తొందరగా పోతుంది.

మూడో దారి, ఈ జిల్లాల్లో చాలామందికి సరైన దారి, కంపెనీ నుంచే లాకర్‌తో వచ్చే బండి. 2015లో మార్పులతో వచ్చిన మహీంద్రా థార్‌తో వెనక ఇరుసుకు ఈటన్ కంపెనీ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ చేరింది. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌లోనూ కొన్ని వేరియంట్లకు అది ఉంది. బొలెరో నియోలో ఒక వేరియంట్‌కు ఫోర్ బై ఫోర్ లేకుండానే ఈ లాకర్ ఇచ్చారు. పై లెక్కలో 350తో గట్టెక్కిన బండి అటువంటిదే. పనితీరు సులభం. రెండు వెనక చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి దాదాపు వంద చుట్లు దాటితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని కొక్కేనికి తగులుతాయి, క్లచ్ ప్లేట్లు బిగుసుకుంటాయి, ఇరుసు లాక్ అవుతుంది. బండి గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటాక ఆ బరువులు కొక్కేనికి తగలకుండా పోతాయి కాబట్టి హైవే మీద అది లాక్ కాదు. విడిపోవడం డ్రైవర్ జ్ఞాపకం మీద కాక యంత్రం నిర్మాణం మీద ఆధారపడింది. చక్రం కొంత జారాకే పట్టడం దీని లోపం. జోరుగా తొక్కి తిప్పితే ఒక్కసారిగా లాక్ అయ్యే దెబ్బ పళ్ల మీద పడుతుంది. అందుకని యాక్సిలరేటర్‌ను మెల్లగా, ఒకే తీరుగా తొక్కడం నేర్వాలి. ట్రాక్టర్ తరహాలో డ్రైవరే వేసి తీసే లాక్ కావాలంటే ఫోర్స్ గుర్ఖాలో ముందుకూ వెనక్కూ రెండూ ఉన్నాయి. 2024 ఆగస్టులో వచ్చిన థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక లాక్ స్విచ్‌తో పనిచేస్తుంది.

ఉన్న బండికే లాక్ బిగించాలనుకునేవారికి మిగిలింది వేసి తీసే విడి లాకర్. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ గాలి లాకర్, ఈటన్ విద్యుత్ లాకర్ ఈ రకంలో తెలిసిన పేర్లు. స్విచ్ వేస్తే గాలి ఒత్తిడో విద్యుదయస్కాంతమో లోపలి భాగాన్ని జరిపి లాక్ చేస్తుంది, తీస్తే మామూలు డిఫరెన్షియల్ అయిపోతుంది. సరుకు ధర చూసి బడ్జెట్ వేసుకుంటే మాత్రం బోల్తా పడతారు. గాలి రకానికి కంప్రెసర్, పైపు కావాలి. రెండు రకాలకూ గూడు మార్చాలి కాబట్టి క్రౌన్, పినియన్ మధ్య సందును మళ్లీ సరిగ్గా కుదర్చగల మెకానిక్ కావాలి. ఆ సెట్టింగు తప్పితే కొంతకాలానికే హౌసింగ్ ఊళపెడుతుంది. తన ఇరుసు రకం, షాఫ్టు మీది గాడుల సంఖ్య, క్రౌన్, పినియన్ నిష్పత్తి తెలియకుండా ఆర్డర్ ఇవ్వకూడదు. పాత బండి కొనేటప్పుడు లోపల ఎవరైనా వెల్డింగ్ చేశారేమో చూసుకోవడం కష్టం కాదు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఇరుసును గట్టి స్టాండ్ల మీద లేపి, ఇంజన్ ఆపి గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ తీసి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిశలో తిరిగితే డిఫరెన్షియల్ తెరిచే ఉంది. అసలు తిరగకపోతే లోపల ఏదో పట్టేసి ఉంది.

ఇంత తతంగం ఎందుకు, ఈ రోజుల్లో ఆ పని బ్రేకులే చేస్తున్నాయి కదా అనేది గట్టి అభ్యంతరం. 2023లో వచ్చిన మారుతి జిమ్నీలో లాకర్ లేదు. జారే చక్రాన్ని కంప్యూటర్ బ్రేకుతో పట్టి, రెండో దానికి బలం చేరేలా చేస్తుంది. ట్రాక్టర్‌కు ఎడమ, కుడి బ్రేకులు విడిగా ఉన్నది తెలిసినవారికి ఇది కొత్తేం కాదు. జారే పక్క బ్రేకును తొక్కితే బలం రెండో పక్కకు పోతుందని వాళ్లెరుగుదురు. పాత జీపులో వెనక చక్రాలకు పనిచేసే హ్యాండ్ బ్రేకును కొద్దిగా లాగి పట్టినా కొంత ఫలితం ఉంటుంది, ఖర్చు లేదు. ఈ పద్ధతి వేళకు విడిపోతుంది కాబట్టి పైన పెట్టుకున్న పరీక్షలో నెగ్గుతుంది కూడా. దాని హద్దులు రెండు. చక్రం ముందు జారాలి, అంటే మెత్తటి నేలలో కొంత లోతుకు దిగాకే సాయం అందుతుంది. చాలాసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. ఏడాదిలో నాలుగైదు సార్లు చిక్కుపడే జనగామ బండికి ఇది చాలు. గంగారం వైపు నిత్యం రాళ్ల బాటలో తిరిగే బండికి అసలు లాకరే నయం.

బడ్జెట్ అన్న మాటకు అర్థం తక్కువ పెట్టడం కాదు, వరస తప్పకుండా పెట్టడం. మొదటి ఖర్చు టైర్లు. అరిగిన టైర్ల మీద లాకర్ బిగిస్తే రెండు చక్రాలూ కలిసి జారుతాయి, అంతే. రెండోది గాలి ఒత్తిడి చూసే గేజీ, చిన్న కంప్రెసర్. ఇసుకలో, దుబ్బలో ఒత్తిడిని 18, 20 పీఎస్ఐ దాకా దించి మెల్లగా నడిపితే టైరు సాగి నేలను ఎక్కువగా పట్టుకుంటుంది. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. మూడోది గట్టి తాడు, షాకిళ్లు, పార. ఛాసిస్ నేలకు ఆనిన బండిని ఏ లాకరూ కదిలించదు, పారే కదిలిస్తుంది. ఇవన్నీ అయ్యాకే లాకర్. అది కూడా వెనక ఇరుసుకు ఒక్కటి చాలు. ముందు ఇరుసు లాక్ అయితే స్టీరింగ్ తిరగడం కష్టమవుతుంది, ముందు షాఫ్టుల జాయింట్లు విరిగే అవకాశం పెరుగుతుంది.

లాకర్ వల్ల ధైర్యం అతిగా పెరిగే ముప్పూ ఉంది. 2023 జులై చివర్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, మేడలెక్కినవారిని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది మట్టినే కోసుకుపోయింది. లాకర్ పట్టును పంచుతుంది, బరువును పెంచదు. ఒక అడుగు లోతు పారే నీరు చిన్న కార్లను తేల్చగలదు, రెండడుగుల నీరు చాలా జీపులనూ కొట్టుకుపోతుంది. తేలిన చక్రానికి లాక్ ఉన్నా లేకున్నా ఒకటే. అలాగే పాకాల అభయారణ్యంలో కొత్త బాటలు తొక్కడానికి లాకర్ లైసెన్సు కాదు. బండి లోపలి మార్పుల విషయంలో వారంటీ, బీమా షరతులను ముందే చదువుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. కంపెనీ లాకర్‌తో వచ్చే బండికి ఈ బాధేమీ లేకపోవడం దానికున్న మరో లాభం.

కొత్త బండి కొనేవారు రంగూ పెద్ద స్క్రీనూ చూసే ముందు వేరియంట్ల పట్టికలో వెనక లాకర్ దేనికుందో చూడాలి. బండి కొన్నాక విడిగా బిగించుకునే ఏ మంచి లాకర్ కన్నా అది చవక. పాత బండి ఉన్నవారు టైర్లకు, తాడుకు పెట్టి ఒక వానకాలం గడిపి చూడాలి. అప్పటికీ ఒక పక్క జారడమే పదేపదే అడ్డుపడుతుంటే వేసి తీసే లాకర్‌కు డబ్బు కూడబెట్టాలి, ఆ మధ్యలో వెల్డింగ్ మోజులో పడకూడదు. ఒక్కరే నడిపే, ఎక్కువగా మట్టిలోనే తిరిగే బండికి మాత్రం ఆటోమేటిక్ రకం లెక్కకు నిలుస్తుంది. మెత్తటి పొలంలో తిరిగే ట్రాక్టర్‌కే విడిపోయే లాక్ పెట్టారు. ఎక్కువగా తారు మీదే ఉండే జీపుకు అంతకన్నా తక్కువది పెట్టి డబ్బు మిగిలిందనుకుంటే, ఆ మిగులు టైర్లకో షాఫ్టులకో ఎగిరిపోతుంది.